ఆ మాట రాసింది నేనే

నీళ్లు లేని ఎసిటోన్ అంటే అందులో ఎన్ని నీళ్లు లేనట్టు? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని రెండు కంపెనీలు మూడేళ్లు కోర్టు చుట్టూ తిరిగాయని చెబితే మా చర్చిలో ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ మాట పేటెంటు కాగితంలోకి ఎలా వచ్చి కూర్చుందో భూమ్మీద నాకొక్కదానికే తెలుసు. తెలిసి కూడా రెండున్నరేళ్లు నోరు మూసుకున్నాను.

నా పేరు యూనీస్. పుట్టింది మెదక్‌లో, చదివింది ఉస్మానియాలో, పని చేసింది జీడిమెట్లలో ఒక రంగుల కంపెనీ లాబ్‌లో. ఇది 2003 నాటి సంగతి. అప్పటికి నాకు యాభై ఆరు. చాపెల్ రోడ్డు వెనక సందులో ఒక గది, ఒక చిన్న వంటిల్లు కిరాయికి తీసుకుని ఉండేదాన్ని. పొద్దున ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ ట్యూషన్ చెప్పేదాన్ని. వాళ్లు వెళ్లిపోయాక మళ్లీ మర్నాడు ఆరింటి దాకా నాతో మాట్లాడే మనిషి ఉండేది కాదు. జాలి కోసం చెప్పడం లేదు. జాలి చూపించేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. అమ్మ మేరమ్మ పోయాక నాతో నేనే మాట్లాడుకోవడం అలవాటైంది, అదీ ఎక్కువగా పోట్లాటే.

శనివారాలు మాత్రం వేరు. శనివారం మధ్యాహ్నం మూడింటికి ఇస్త్రీ చీర కట్టుకుని, గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకు మీద మొదటి అంతస్తులో ఉన్న వామన్‌రావుగారి ఆఫీసుకు వెళ్లేదాన్ని. ఆయన పాత హైదరాబాదు వకీలు. తండ్రి ఉర్దూలో వాదించిన మనిషి. ఈయనకు న్యాయశాస్త్రం కొట్టినపిండి, కెమిస్ట్రీ మాత్రం సున్నా. పేటెంటు కేసు చేతికొచ్చాక, ఆ కాగితాల్లో రసాయనాల భాష విప్పి చెప్పే మనిషి కావలసివచ్చింది. ఆయన క్లయింటు మా పాత కంపెనీయే. "మా దగ్గర ఒక ముసలి లాబ్ అసిస్టెంటు ఉండేది, ఆమెను పట్టుకోండి" అని వాళ్లే నా పేరిచ్చారట. ముసలి అన్నందుకు కాదు, అసిస్టెంటు అన్నందుకు ఆ రోజంతా పళ్లు నూరుకున్నాను. అయినా వెళ్లాను.

"యూనీసమ్మా, గీ ముక్క జర అర్థమయ్యేటట్టు చెప్పుండ్రి. రేపు జడ్జి సాబ్‌కు నేనే చెప్పాలె కదా" అనేవారు ఆయన, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని.

నేను చెప్పేదాన్ని. ద్రావణి అంటే కరిగించుకునే ద్రవం, స్ఫటికం అంటే పటికబెల్లం పలుకు లాంటిది, అలా. ఆయన పెన్సిలుతో పక్కన రాసుకునేవారు. అర్థం కాకపోతే మళ్లీ అడిగేవారు. నేను జవాబు వెతుక్కుంటుంటే చాయ్ చల్లారిపోతున్నా ముట్టుకోకుండా నా వంకే చూస్తూ కూర్చునేవారు. నేనేదో చెబుతుంటే ఒక మనిషి పని మానుకుని వినడం నా జీవితంలో అదే మొదలు. కోఠీలో పాత పుస్తకాల దగ్గర పాతికేళ్ల నాటి రసాయన నిఘంటువు ఒకటి కొన్నాను, ఆ శనివారాల కోసమే. పెళ్లికి వెళ్లేవాళ్లు నగలు తీసినట్టు శుక్రవారం నాడే దాన్ని తీసి బల్ల మీద పెట్టుకునేదాన్ని.

ఇక గొడవేమిటంటే, పేటెంటు చివర నంబర్లు వేసిన వాక్యాలుంటాయి. వాటిని క్లెయిములంటారు. ఇంతవరకు నాది, దీన్ని దాటితే ఎవరిదైనా అని హద్దు చెప్పే వాక్యాలు అవి. మా కంపెనీ పేటెంటు ఒక పసుపు రంగు తయారు చేసే పద్ధతి మీద. బట్టల మిల్లులు కొనే రంగు. క్లెయిము ఒకటి ఏం చెబుతుందంటే, ముడి రంగును 'అన్‌హైడ్రస్ ఎసిటోన్'లో కరిగించి చల్లారిస్తే మంచి స్ఫటికాలు వస్తాయని. అన్‌హైడ్రస్ అంటే నీళ్లు లేనిది. మా తెలుగు మీడియం పిల్లలు అనార్ద్రం అని బట్టీ పడతారు.

పటాన్‌చెరు దగ్గర రాజనర్సు అనే ఆయన చిన్న షెడ్డు వేసుకుని అదే పసుపు రంగు తీస్తున్నాడు. మా కంపెనీ ఆయన మీద దావా వేసింది. ఆయన జవాబు ఒక్కటే: "నేను డ్రమ్ములో వచ్చిన ఎసిటోన్ వచ్చినట్టే వాడుతున్న. దాంట్ల నీళ్లుంటయి. మీది నీళ్లు లేనిది. మీ హద్దు లోపటికి నేను రాలేదు."

ఇంకేముంది, ఇటు ఒక ప్రొఫెసరు, అటు ఒక ప్రొఫెసరు. ఇటువైపాయన వ్యాపారంలో నూటికి ఒక పాలు నీళ్లున్నా అన్‌హైడ్రస్ అనే అంటారని రాసిచ్చాడు. అటువైపాయన ఒక్క చుక్క ఉన్నా ఆ పేరు చెల్లదన్నాడు. ఇద్దరూ పెద్ద చదువులు చదివినవాళ్లే. ఇద్దరూ ఎసిటోన్ డ్రమ్ము మూత తీసి ఎన్నేళ్లయిందో దేవుడికెరుక. రెండు వైపుల రాతలూ చదివి వామన్‌రావుగారికి విప్పి చెబుతున్నప్పుడల్లా ఆ ఒక్క మాటను గబగబా దాటేసేదాన్ని.

ఎందుకో చెబుతాను. ఆ పసుపు రంగు స్ఫటికాలు మొదట తీసింది నేను.

1990 మే నెల. మా సెక్షన్ హెడ్ సామ్ సుందర్‌గారు. సికింద్రాబాదు మనిషి, మంచివారే, క్వయర్‌లో పాడేవారు. ముడి రంగును పొడి ఎసిటోన్‌లో కరిగించమని ఆయన ఆజ్ఞ. పొడి అంటే, డ్రమ్ములోంచి వచ్చిన ఎసిటోన్‌లో పొటాషియం కార్బొనేట్ వేసి ఒక రోజంతా నానబెట్టి, వడకట్టి, మరిగించి ఆవిరి పట్టి తీసింది. నాలుగు నెలలు అలాగే చేశాను. నాలుగు నెలలూ ఫ్లాస్కు అడుగున బెల్లంపాకం లాంటి జిగురే మిగిలింది. కూతురి పెళ్లి పనులని సుందర్‌గారు వారం సెలవు పెట్టారు. మూడో రోజు పొడి ఎసిటోన్ అయిపోయింది. మళ్లీ ఆరబెట్టాలంటే ఇంకో రోజు. బయట ఎండ, లోపల ఫ్యాను లేదు, నాకు తిక్క రేగింది. అటెండరును పిలిచి షెడ్డులో డ్రమ్ములోంచి ఒక క్యాను పట్టుకు రమ్మన్నాను. తెచ్చాడు. ఆరబెట్టకుండానే పోశాను.

మర్నాడు పొద్దున ఫ్లాస్కు నిండా సూదుల్లాంటి పసుపు స్ఫటికాలు. నిమ్మపండు రంగు. ఆ కాసిని నీళ్లే కావలసివచ్చాయి వాటికి, నీళ్లు లేకపోతే అవి కట్టవు. ఐదుసార్లు చేశాను, ఐదుసార్లూ వచ్చాయి. ఆ వారం నేను ఎవరితో చెప్పుకోవాలో తెలియక లాబ్‌లో సాయంత్రాలు ఒక్కదాన్నే కిటికీ దగ్గర నిలబడి ఫ్లాస్కును వెలుతురుకు తిప్పి తిప్పి చూసుకున్నాను. అంత సంతోషం మళ్లీ రాలేదు నాకు.

సుందర్‌గారు వచ్చాక చూపించాను. "బాగుంది. నోట్‌బుక్కులో ఎక్కించు" అన్నారు. ఎక్కించాను. చేసినవాళ్లు రాయాలి, హెడ్ సంతకం పెట్టాలి. రాసినవాళ్ల పేరు ఎక్కడా ఉండదు. అది మా లాబ్ పద్ధతి. అందరికీ అదే, నా ఒక్కదానికే కాదు.

మరుసటి ఏడు పేటెంటు కాగితం కూడా నన్నే రాయమన్నారు. పేటెంటును తెల్లకాగితం మీద ఎవరూ మొదలుపెట్టరు. అంతకుముందు దాఖలు చేసినదాని కార్బన్ కాపీ తీసి, మారిన చోటల్లా కొట్టేసి, పైన కొత్తవి రాసి టైపిస్టుకిస్తారు. మాకున్న పాతది ఒక ఎర్ర రంగుది. అందులో నిజంగానే ఆరబెట్టిన ఎసిటోన్ వాడారు. నేను రంగు పేరు మార్చాను, వేడి మార్చాను, గంటలు మార్చాను, తూకాలు మార్చాను. క్లెయిము ఒకటిలో 'అన్‌హైడ్రస్' అన్న మాట కొట్టేయడం మరిచిపోయాను. అంతే. రెండు కంపెనీలు, ఇద్దరు ప్రొఫెసర్లు, మూడు నిఘంటువులు ఆ మాటలో వెతుకుతున్న అర్థం ఇదీ: అది ఎర్ర రంగు కాగితం తాలూకు మాట.

అచ్చయిన కాపీ ఆఫీసుకు వచ్చినప్పుడు నేను మొదట చూసింది పేర్ల చోటు. కనిపెట్టినవారు: సామ్ సుందర్. అక్కడితో ఆగింది. రెండో లైను లేదు. కాగితం తిప్పితే క్లెయిము ఒకటిలో ఆ తప్పు కనిపించింది. వెంటనే కనిపించింది. చెబితే దిద్దించడానికి దారులున్నాయి. చెప్పలేదు. పేరు లేనిదాన్ని, నాకేం పట్టింది అనుకున్నాను. మరుపు ఒక నిమిషంది, పగ మాత్రం పన్నెండేళ్లది. అది దాచను.

సుందర్‌గారు తొంభై ఎనిమిదిలో పోయారు. సమాధి కూడికలో పాస్టరుగారు, దేవుడు ఈయన చేతుల మీదుగా లోకానికి ఒక రంగు ఇచ్చాడు అని ప్రసంగించారు. నేను మూడో వరసలో కూర్చుని ఆమెన్ అన్నాను. అందరూ అంటే నేనూ అన్నాను.

రాజనర్సు ఎవరో చెప్పలేదు కదూ. ఆ మే నెలలో నాకు క్యాను తెచ్చిచ్చిన అటెండరు ఆయనే. రోజూ నా బల్ల తుడిచి, ఫ్లాస్కులు కడిగి, నేను చేసేదంతా చూసినవాడు. కంపెనీ వదిలి షెడ్డు పెట్టుకున్నప్పుడు తను చూసిందే చేశాడు. దావా కాగితంలో ఆయన పేరు చదివిన రోజు నాకు కోపం రాలేదు. ఆ స్ఫటికాలు నావని తెలిసిన మనిషి లోకంలో ఇంకొకరున్నారు అనుకున్నాను. ఎదురు పక్షం అయితేనేం.

జూలైలో వామన్‌రావుగారు నన్ను సాక్షిగా పెడతానన్నారు.

"ప్రొఫెసర్లది పుస్తకం మాట. మీరు లాబ్‌ల ఉన్నోళ్లు. ఆ డ్రమ్ము ఎసిటోన్‌ను మీరేమనేటోళ్లు?"

"ఎసిటోన్ అనేటోళ్లం సార్."

"అన్‌హైడ్రస్ అని ఎవ్వరు అనలేదా? యాది చేసుకోండ్రి."

అనలేదు. ఆ మాట అక్కడే అనవలసింది. కానీ అంటే ఏమవుతుందో నాకు తెలుసు. కేసు అక్కడే కూలిపోతుంది, దానితో నా శనివారాలూ. ఆయన చాయ్ ముట్టుకోకుండా చూస్తున్నారు. "అని ఉంటరు సార్" అన్నాను.

ఆయన ముఖం వెలిగింది. వారానికల్లా అఫిడవిట్ తయారు. 'మా లాబ్‌లో డ్రమ్ము ఎసిటోన్‌నే వాడుకలో అన్‌హైడ్రస్ అనేవారు' అని రాసుంది. నా గురించి 'శ్రీ సామ్ సుందర్ దగ్గర సహాయకురాలిగా పనిచేసిన' అని ఉంది. ఆ లైను మీద వేలు పెట్టాను.

"సార్, ఈ ప్రయోగం నేనే చేసిన అని రాయొచ్చా?"

వామన్‌రావుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "రాయొద్దమ్మా. కనిపెట్టింది సుందర్‌గారు అని పేటెంటు చెప్తది. మీరు నేను చేసిన అంటే, తప్పు పేరు మీద పేటెంటు తీసుకున్నరని అవతలోళ్లు కొట్టేయిస్తరు. మనకే దెబ్బ. మీకు తెల్వనిది కాదు."

ఆయన కఠినంగా అనలేదు. చాలా మెత్తగా అన్నారు. నేను చేశానా అని మాత్రం అడగలేదు. మూడు వందల ప్రశ్నలు అడిగిన మనిషి ఆ ఒక్కటీ అడగలేదు. సంతకం పెట్టాను.

సాక్ష్యం కోర్టులో కాదు. కోర్టువారు ఒక అడ్వొకేట్‌ను కమిషనరుగా వేస్తారు, సాక్షులు చెప్పేది ఆ కమిషనరు రాయించి పంపాలి. మాకు విద్యావతిగారిని వేశారు. నాంపల్లిలో, కోర్టుల వెనక సందులో, మెట్లు ఎక్కితే ఆమె గది. ఆగస్టు రెండో శనివారం. వాన పడి ఆగింది. గదిలో పొడవాటి బల్ల, ఒక చివర కంప్యూటరు ముందు టైపిస్టు, అటు రాజనర్సు వకీలు ప్రవీణ్ కుమార్, ఇటు వామన్‌రావుగారు. గోడ పక్కన బెంచీ మీద రాజనర్సు. తల నెరిసింది, పొట్ట వచ్చింది. నన్ను చూసి లేచి దండం పెట్టి మళ్లీ కూర్చున్నాడు.

ప్రవీణ్ కుమార్‌కు ముప్పై ఐదేళ్లుంటాయి. నెమ్మదిగా మాట్లాడతాడు. నోట్‌బుక్కు జిరాక్సు నా ముందు పెట్టాడు.

"మేడమ్, ఈ పేజీ చేతిరాత ఎవరిది?"

"నాది."

"సంతకం?"

"సుందర్‌గారిది."

"అంటే సుందర్‌గారు చెప్తరు, మీరు రాస్తరు. గంతే కదా?"

ఆయన ఎటు వెళ్తున్నాడో అర్థమైంది. ఈమె ఉత్త రాతమనిషి, లాబ్‌లో ఏ మాటకు ఏ అర్థమో ఈమెకేం తెలుసు అని నా సాక్ష్యాన్ని తీసిపారేయాలని. వామన్‌రావుగారు కొంచెం ముందుకు వంగి నా వైపు చూసి తల ఊపారు. ఊ అనమని. ఊ అంటే చాలు. రాసుకునే మనిషికైనా చెవులుంటాయి, లాబ్‌లో ఏమనేవారో విని ఉంటుంది అని ఆయన తర్వాత నిలబెట్టుకుంటారు.

"మేడమ్, మీరంటే సుందర్‌గారి చేతిరాత అనుకోవచ్చా?" అన్నాడు ప్రవీణ్ కుమార్. నవ్వుతూనే అన్నాడు, ఏ చెడ్డ ఉద్దేశమూ లేకుండా.

నిజం చెప్పాలన్న భక్తితో నేను నోరు తెరిచానని అనుకోవద్దు. రాజనర్సు మీద దయతోనూ కాదు. నన్ను చేతిరాత అన్నాడు. అందుకే.

"కాదు" అన్నాను. "ఆ ప్రయోగం నేను చేసిన. సుందర్‌గారు ఆ రోజు లేరు, సెలవుల ఉన్నరు. పొడి ఎసిటోన్‌తోని నాలుగు నెలలు రాలేదు. డ్రమ్ముది పోస్తే వచ్చింది. పోసింది నేను. నోట్‌బుక్కుల ఎసిటోన్ అని ఒక్క మాటే ఉంటది, చూడుండ్రి. అన్‌హైడ్రస్ అని ఉండదు."

టైపిస్టు చేతులు ఆగిపోయాయి. ప్రవీణ్ కుమార్ ఆ పేజీని వేలితో వెతికి చూశాడు. తర్వాత చాలా జాగ్రత్తగా, గాజుసామాను దించుతున్నట్టు అడిగాడు.

"మరి క్లెయిముల ఆ మాట ఎట్ల వచ్చింది?"

"పాత ఎర్ర రంగు కాగితం మీద దిద్ది రాసిన. ఆ మాట కొట్టేయడం మరిచిన. ఆ తప్పు నాది."

"మీ అఫిడవిట్‌ల, లాబ్‌ల అట్లనే అనేటోళ్లు అని ఉంది కదా."

"ఎవ్వరు అనలేదు. ఆ లైను తప్పు. తప్పని తెలిసే సంతకం పెట్టిన."

వామన్‌రావుగారు పెన్సిలు బల్ల మీద పెట్టేశారు. విద్యావతిగారు నా వైపు కళ్లు చికిలించి చూసి, "అమ్మా, ఇది అంతా రికార్డు మీదికి పోతది, తెలుసు కదా" అన్నారు. తెలుసన్నాను. ఆమె నా మాటలను ఇంగ్లీషులోకి తిప్పి టైపిస్టుకు చెప్పింది. చివర, పద్ధతి ప్రకారం, మొత్తం నాకు చదివి వినిపించింది. నేను ఈ ప్రయోగం చేశాను. నేను ఈ మాట రాశాను. తప్పు నాది. ప్రతి పేజీ కింద సంతకం పెట్టమంది. ఆరు పేజీలు. పెట్టాను. ఆ పసుపు రంగుకు సంబంధించిన కాగితం మీద నా పేరు ఎక్కడం అదే మొదటిసారి, తప్పు చేసినదానిగా ఎక్కింది. అయినా ఎక్కింది కదా అని ఆ ఆరు సంతకాలూ మళ్లీ ఒకసారి చూసుకున్నాను.

మెట్ల దగ్గర వామన్‌రావుగారు, మళ్లీ మొదలైన వానకు గొడుగు విప్పుకుంటూ ఆగారు.

"నాకు ముందుగాల చెప్తే అయిపోయేది కదమ్మా" అన్నారు. "రెండున్నరేండ్లు ఎదురుంగ కూసున్నరు."

"మీరు అడగలేదు సార్."

ఆయన "ఔ, అడగలేదు" అని మెట్లు దిగి వెళ్లిపోయారు. తర్వాతి శనివారం నేను వెళ్లలేదు, రమ్మని కబురూ రాలేదు. నాలుగు వారాలకు కంపెనీ దావా వెనక్కి తీసుకుందని చర్చిలో ఎవరో చెప్పారు.

శనివారం మధ్యాహ్నాలు చాలా పొడుగు. ఇంతకుముందు అవి ఎటు పోయేవో తెలియదు. నిఘంటువు తీసి ఏదో ఒక మాట దగ్గర తెరిచి, ఎదురుగా ఎవరో ఉన్నట్టు తెలుగులో విప్పి చెప్పేదాన్ని. రెండు మాటలయ్యాక సిగ్గేసి మూసేసేదాన్ని. నేను చెప్పింది తప్పా అని ఒక్క పూట కూడా అనుకోలేదు. మాట్లాడే మనిషి కావాలి అనుకున్నాను, అంతే. రాజనర్సు వస్తాడని ఎందుకో నమ్మకంగా ఉండేది. ఆయన వస్తే ఆ మే నెల గురించి మాట్లాడుకోవచ్చు. క్యాను ఏ చేత్తో తెచ్చాడో, స్ఫటికాలు చూసి తనన్న మాట గుర్తుందో లేదో, అన్నీ అడగాలని లెక్క వేసుకున్నాను.

సెప్టెంబరు ఆఖరి శనివారం, మూడున్నరకు తలుపు చప్పుడైంది. రాజనర్సు. చేతిలో బత్తాయిల సంచీ. నా గదికి పిల్లలు కాకుండా వేరే మనిషి వచ్చి ఏడాది పైనే అయ్యుంటుంది. కుర్చీ మీది పుస్తకాలు తీసి కూర్చోమన్నాను. టీ పెట్టి తెచ్చాను.

"షెడ్డు నిలబడ్డదమ్మా" అన్నాడు. "పన్నెండు మంది పని చేస్తరు నా దగ్గర. వాళ్ల ఇండ్లల్ల మీ పేరు చెప్పుకుంటున్నరు." చెబుతుంటే ఆయన కళ్లు తడి అయ్యాయి. తుడుచుకోలేదు.

"బాగున్నది రాజనర్సూ. ఆ రోజు యాదున్నదా నీకు? మే నెల. షెడ్డుల డ్రమ్ములకెల్లి క్యాను తెచ్చింది నువ్వే."

"ఎందుకు యాదుండదమ్మా? మస్తు ఎండ. మూత గట్టిగ పట్టుకుంటే గుడ్డ పెట్టి తిప్పిన."

కుర్చీ ముందుకు జరుపుకున్నాను. "ఎవరు తెమ్మన్నరు?"

"మీరే తెమ్మన్నరు. సార్ చెప్పి పోయిండని."

"సార్ చెప్పలేదు. సార్ పొడిదే పోయమన్నడు. నేనే తెమ్మన్న."

రాజనర్సు కప్పు కింద పెట్టి రెండు చేతులూ జోడించాడు. చిన్నపిల్లను ఊరుకోబెట్టేవాడిలా నవ్వాడు.

"ఇగ నా దగ్గర గా మాట ఎందుకమ్మా? అక్కడ అంటే చెప్పిన్రు, సరే. సుందర్ సార్ ఎంత పెద్ద సైంటిస్టో నాకు తెల్వదా? ఆయన చెప్పకుంట మీరు చెయ్యి పెడతరా? చనిపోయిన మనిషి పేరు పక్కకు పెట్టి, తప్పు మీ నెత్తి మీద ఏసుకుని, నా కోసం గంత పెద్ద అబద్ధం చెప్పిన్రు. ఏసుప్రభువు దీన్ని మీ పాపాల లెక్కల రాస్తడా అని మా ఆవిడ ఫికర్ పడుతున్నది. మా ఆవిడ హిందువే, కానీ మీ కోసం మీ చర్చికి పోయి దండం పెడతానంటున్నది."

నేను ఆయన ముఖంలోకి చూశాను. ఎగతాళి లేదు, అనుమానం లేదు. ఎనిమిదేళ్లు నా బల్ల తుడిచిన మనిషి. నా చేతిలో ఫ్లాస్కు చూసిన మనిషి. ఆ స్ఫటికాలు వచ్చిన పొద్దున నా పక్కనే నిలబడి, "నిమ్మకాయ రంగున్నదమ్మా" అన్న మనిషి. అన్నీ చూశాడు. నన్ను మాత్రం చూడలేదు.

నిఘంటువు తీసి బల్ల మీద కొట్టాలనిపించింది. నోట్‌బుక్కు గురించి, పొటాషియం కార్బొనేట్ గురించి, ఐదుసార్లు చేసిన సంగతి గురించి వరసగా చెప్పాలనిపించింది. చెబితే ఒప్పుకునేవాడేమో కూడా. లేదా నొచ్చుకుని, సరే అమ్మా అని లేచి వెళ్లిపోయేవాడు. ఆయన చేయి అప్పటికే సంచీ మడత పెడుతోంది.

"ఔ రాజనర్సూ" అన్నాను. "నీ కోసమే చెప్పిన."

ఆయన సంచీ పక్కన పెట్టాడు. ఇంకో కప్పు టీ పోస్తే తాగి, వాళ్ల ఆవిడ గురించి, పన్నెండు మంది పనివాళ్ల గురించి చెబుతూ ఐదున్నర దాకా కూర్చున్నాడు.